పొణికి ముఖాల కొలువు

బయట మిట్టమధ్యాహ్నం. కొండరాళ్ళ మీద పేలాలు వేయించుకోవచ్చు, అంత ఎండ. మంత్రగాడు ధూమకర్ణుడి గుహలో మాత్రం గోడలకు పొదిగిన నీలపురాళ్ళ నుంచి చల్లని, జబ్బుపడిన వెలుతురు కారుతోంది. పైకప్పు నుంచి స్ఫటికపు కొనలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నేలంతా నల్లరాతి పలకలు. వరసగా నిలబెట్టిన తెల్లచెక్క స్తంభాలకు కింద నుంచి పైదాకా లతలు, లతల మధ్య చిలుకలు, చిలుకల ముక్కుల్లో పండ్లు చెక్కి ఉన్నాయి. సభ నడుమ ఏనుగు పాదమంత కంచు దీపం వెలుగుతోంది. దేవేంద్రుడు చూసినా కాసేపు అసూయపడేటంత శోభ. ఆ శోభ మధ్య, ఒక స్తంభం వెనకాల, పింగళదేశపు యువరాజు అభయవర్మ పళ్ళు టకటకలాడకుండా ఉత్తరీయం కొస నోట్లో కుక్కుకుని నక్కి ఉన్నాడు.

పేరు అభయవర్మే. పురోహితుడు ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టాడో గాని, అభయం ఆ పేరు దాటి ఒంట్లోకి ఎన్నడూ దిగలేదు. కత్తిసాము, గుర్రపుస్వారీ గురువులు దగ్గరుండి నేర్పారు. భయపడడం ఎవరూ నేర్పకుండానే అంతకంటే బాగా వచ్చింది. ఉప్పు వర్తకుడి వేషంలో, మాసిన తలపాగాతో శత్రువు గుహ నడిబొడ్డుకి వచ్చి కూర్చున్నాడు కాబట్టి, ఆ విద్యంతా ఇప్పుడు ఒక్కసారిగా పైకి తన్నుకొస్తోంది.

అతన్ని అంతగా వణికిస్తున్నది ఎదురుగా ఉన్న కొలువు. కుడివైపున బారులు తీరిన మనుషులు, ఎడమవైపున బారులు తీరిన మనుషులు. కుడివైపు వాళ్ళందరిదీ ఒకే ముఖం. నల్లటి చాయ, వెడల్పు ముక్కు, ఉంగరాల జుట్టు. అది కొండవాడి ముఖం. ఎడమవైపు వాళ్ళందరిదీ ఇంకో ముఖం. గోధుమ చాయ, కోసు ముక్కు, మెలితిప్పిన మీసం. అది ఏటివాడి ముఖం. కుడిపక్క మొదటివాడికి పెదవి చివర ఎంత వంకర ఉందో చిట్టచివరివాడికీ అంతే వంకర. ఒక్కరూ రెప్ప వెయ్యరు. ఊపిరి పీలుస్తున్నారో లేదో కూడా తెలియదు.

పింగళదేశంలో ఉన్నవి రెండే జనాలు. శ్యామవేణి ఏటి ఒడ్డున పంటలు పండించుకునే ఏటి జనం, ఎగువన అడవుల్లో బతికే కొండ జనం. ఒకరి ఉప్పు లేనిదే ఒకరికి గంజి దిగదు, ఒకరి మిరియం లేనిదే ఇంకొకరికి చారు కాగదు. అయినా కనుమ దగ్గర సంతలో వాళ్ళు బేరమాడుకునేది తువ్వాలు కిందే. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్ళు నొక్కి ధర తేల్చుకుంటారు. చూపు నేల మీదే ఉండాలి. ముఖాలు చూసుకుంటే తగువులొస్తాయనీ, పేర్లు అడిగితే చుట్టరికాలొస్తాయనీ రెండు వైపులా పెద్దలు నూరిపోశారు. అంచేత తరాల తరబడి, కొండోళ్ళంతా ఒకే అచ్చు అని వీళ్ళూ, ఏటోళ్ళంతా ఒకే కుండలో మెతుకులు అని వాళ్ళూ చెప్పుకుంటూ హాయిగా ఉన్నారు.

ఆ హాయి ఈ ఏడాది కాలి బూడిదైంది. కొండముఖాల మూక దిగి ఏటి పల్లెలు తగలబెట్టింది. ఏటిముఖాల మూక ఎక్కి కొండ గూడేలు తగలబెట్టింది. అభయవర్మ తండ్రి కొండల మీదికి సైన్యాన్ని నడిపిస్తానని ప్రతిజ్ఞ చేశాడు. యువరాజుకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. వచ్చినవాళ్ళు ధాన్యం ముట్టుకోలేదు, మనుషుల్నే ఎత్తుకుపోయారు. తండ్రికి చెప్పే ధైర్యం లేక, వేషం మార్చుకుని సంతకు వచ్చి, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ఒక కొండవాణ్ణి దారి చూపడానికి కుదుర్చుకున్నాడు. అడవిలో రోజుల తరబడి కలిసి నడిచారు. ఆచారం తప్పకుండా అతని వీపు చూస్తూ నడిచాడే గాని, ముఖంలోకి తేరిపార చూడలేదు. పేరు అడగలేదు. "ఒరే కొండోడా" అని ఇతను, "ఓ ఏటి బాబూ" అని అతను.

నిన్న గుహ ముందు మూక వాళ్ళ మీద పడినప్పుడు ఆ కొండవాడు ఇతన్ని ముళ్ళపొదలోకి ఒక్క తోపు తోసి, తను దొరికిపోయాడు. యువరాజు పొదలో తెల్లవార్లూ కూర్చున్నాడు. వాణ్ణి వదిలేసి ఇంటికి పోయినా, ఎందుకు పోయావని అడిగే దిక్కు లేదని తెలుసు. పోదామని రెండుసార్లు లేచాడు కూడా. రెండుసార్లూ ఆ తోసిన చెయ్యి వీపు మీద ఇంకా ఉన్నట్టే అనిపించి కూలబడ్డాడు. చివరికి ఏడ్చుకుంటూ గుహలోకి పాకాడు.

ఇప్పుడు ఆ వీపు మీదే నిజంగా ఒక చెయ్యి పడింది.

అభయవర్మ పైప్రాణాలు పైనే పోయాయి. గొంతు పెగిలి ఉంటే గుహ దద్దరిల్లేలా అరిచేవాడే.

"అరవకు. అరిస్తే నీకూ ఒకటి చెక్కాలి. నా ఉలి మొద్దుబారి ఉంది," అంది వెనక నుంచి ఒక ముసలి గొంతు.

స్తంభం పక్కన చీకట్లో, కాలికి గొలుసుతో, పొణికి చెక్క పొట్టు మధ్య ఒక అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో సగం చెక్కిన ముఖం. పొట్టూ మసీ పట్టిన ఆమె ఒంటి చాయ ఏదో పోల్చుకోవడానికి వీల్లేదు. అభయవర్మ తన నోట్లోంచి ఉత్తరీయం లాగేసి, నువ్వు ఏటి జనమా, కొండ జనమా అని ముందు అదే అడిగాడు.

"అది తేలితేగాని నా మాట చెవికెక్కదా నాయనా? అయితే వినకు," అని ఆమె అటు తిరిగి ఉలి అందుకుంది.

అతను ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. అవ్వ కాసేపు బెట్టు చేసి, ఆ తరవాత గుహ గుట్టంతా చెప్పింది. ధూమకర్ణుడికి పెద్ద మంత్రాలేమీ రావు. సంతలో జనం అనుకునే మాటల్నే శంఖాల్లో పట్టి తెచ్చి, లక్కలో వేసి కాచి, ఆ పూత ఈ చెక్కముఖాలకు పూస్తాడు. వాళ్ళంతా ఒకే అచ్చు అన్న మాట ఎన్నిసార్లు అంటే పూత అంత చిక్కబడుతుంది. అలాంటి ముఖం తగిలించాక మనిషి ఒంటి చాయే మారిపోతుంది, ఒడ్డూ పొడుగూ కూడా ఒకే మూసలోకి వస్తాయి, మనసు మంత్రగాడి గుప్పిట్లోకి పోతుంది. ఈ కొలువులోని ముఖాలన్నీ ఆ కంచు దీపంలో నూనె అయిపోయేలోగా ఊడాలి. నూనె అయిపోతే చెక్క కండలో కలిసిపోతుంది, ఇక బ్రహ్మ దిగొచ్చినా రాదు.

ఊడదీయడం ఎలాగని అభయవర్మ అడిగాడు. కత్తితో కాదంది. ఎదురుగా నిలబడి, ఆ మనిషి ఒక్కడికే చెందిన మాట చెప్పాలంది.

"పదిమందికి అతికే మాట చెప్పావా, చెక్క నీ ఒంట్లోకి పాకుతుంది. మొదటి తప్పుకి మోచెయ్యి దాకా, రెండో తప్పుకి భుజం దాకా. మూడో తప్పుకి గుండె. మూడోసారి తప్పినవాళ్ళే నువ్వు చేరగిలబడ్డ ఆ స్తంభాలు."

అభయవర్మ చటుక్కున వీపు తీసి వెనక్కి చూశాడు. చెక్కిన లతల అడుగున, చిలుక రెక్కకు కాస్త కింద, ఒక మనిషి ముక్కు. దాని పైన మూసుకున్న రెండు కళ్ళు.

ఎంతసేపు అలా గడ్డకట్టి నిలబడ్డాడో అతనికే తెలియదు. దీపం చిటపటమంటే ఉలిక్కిపడి కదిలాడు. అరికాళ్ళ చెమటకి రాతిపలకలు జారుతుంటే, కుడివైపున కొండముఖాల బారుల్లోకి నడిచాడు. దగ్గరగా వెళ్ళి చూస్తే ఇంకా భయం. చెక్కముఖాల కన్నాల వెనక కళ్ళున్నాయి. అవి అతన్ని దాటి ఎటో చూస్తున్నాయి. తన కొండవాడు ఎలా నిలబడతాడో గుర్తు తెచ్చుకోబోతే, నడుస్తున్న వీపు తప్ప ఏమీ తట్టలేదు. చివరికి కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడ్డవాడి ఎదుట ఆగి, చేతులు జోడించి, నువ్వు వీరుడివి, మాట తప్పనివాడివి, నీ బాణానికి గురి తప్పడం తెలియదు, తిన్న ఉప్పుకి ప్రాణమిచ్చేవాడివి అని గబగబా చదివాడు.

ఆ మాటలన్నీ మంచివే. ఆస్థానంలో కొండ జనం మీద దయ గల పెద్దమనుషులు కొండ జనమంతటి గురించీ చెప్పే మాటలే. అభయవర్మ ఎడమ చేతి వేళ్ళు జివ్వుమన్నాయి. చూస్తుండగానే గోళ్ళు తెల్లబడ్డాయి, మణికట్టు బిగిసింది, మోచేతి దాకా సన్నటి చెక్కగీతలు పాకి ఆగాయి.

కేక రాలేదు, కన్నీళ్ళే వచ్చాయి. దీపం వైపు చూస్తే నూనె అడుగంటుతోంది. రెండో బారులో ఇంకొకడి ముందు నిలబడి, ఈసారి పొగడ్తలు మాని, నువ్వు నన్ను ముళ్ళపొదలోకి తోసి కాపాడినవాడివి అన్నాడు. మాట నిజమే, మనిషి అతను కాడు. చెక్క భుజానికెక్కింది. చెయ్యి ఇంటి దూలంలా బరువుగా వేలాడింది.

ఇక ఒక్క మాట మిగిలింది. ఆ మాట తప్పితే చచ్చిపోవడం కూడా కాదు, చిలుకల్ని మోస్తూ నిలబడడం. అభయవర్మకు నిజంగా బెదురు పుట్టింది. తనకు ఆ కొండవాడి గురించి తెలిసిందల్లా కొండవాళ్ళందరి గురించీ తెలిసిందేనని, తను అతన్ని ఒక్కనాడూ చూడలేదని అర్థమైంది. సిగ్గు కూడా వేసింది గాని, భయం ముందు సిగ్గెంత. వెనక్కి తిరిగాడు. గుహ వాకిలికి దారి ఏటిముఖాల బారుల మధ్య నుంచే ఉంది. తన జనం ముఖాలు, మేనమామ పోలికలున్న ముఖాలు. అటు చూడకుండా దాదాపు పరుగెత్తాడు. చెక్కచెయ్యి ఒరుసుకుని నడికట్టు ఊడి నేల మీద జీరాడుతోందని కూడా గమనించలేదు.

ఎవరో ఆ నడికట్టు పట్టుకుని లాగారు.

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కత్తి దిగుతుందనో, ముఖం తగులుతుందనో ఎదురుచూశాడు. ఏదీ కాలేదు. నడుము దగ్గర ఒక చెయ్యి తడుముకుంటోంది. గుడ్డను రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపి, చిరాగ్గా ఒక్క గుంజు గుంజి వదిలేసింది.

ఆ గుంజు అభయవర్మకు తెలుసు. ఊళ్ళేలేవాడికి నడికట్టు కట్టుకోవడం ఎలా వస్తుంది? పుట్టినప్పటి నుంచీ దాసీలే కట్టారు. అడవి దారిలో అతని ముడి ఊడినప్పుడల్లా కొండవాడు విసుక్కుంటూ ఆగి, ఎడమచేత్తో సరిగ్గా ఇలాగే కట్టి, ఇలాగే గుంజేవాడు. అభయవర్మ కళ్ళు తెరిచాడు. ఎదురుగా కోసు ముక్కు, గోధుమ చాయ, మెలితిప్పిన మీసం. ఏటివాడి ముఖం. మంత్రగాడు కొండవాడికి ఏటిముఖం తగిలించాడు. అంటే కుడివైపున ఉన్నవాళ్ళలో కొండవాళ్ళెవరో, ఏటివాళ్ళెవరో. పల్లెలు తగలబెట్టింది ఎవరి పిల్లలో.

అతనే అని మనసు చెబుతోంది. ముడులు కట్టే అలవాటున్న ఇంకో మనిషైతే? గుండెకు చెక్క పాకితే ఎలా ఉంటుంది? దీపం ఒకసారి ఎగిసి తగ్గింది. అభయవర్మ నాలుక తడుపుకున్నాడు.

"నీ పేరు నాకు తెలీదు. అడగలేదు," అన్నాడు. గొంతు మేకపిల్ల గొంతులా వచ్చింది. "నా ముడి చూస్తే నీకు ఒళ్ళు మంట. నువ్వు తేనె ముట్టవు. కొండలో పుట్టి తేనె తినవా అని నేను నవ్వితే, మా అమ్మ పోయిన పూట తిన్నాను, అప్పట్నుంచి సయించదు అన్నావు. నేను వినిపించుకోనట్టు ముందుకు నడిచాను. తాళ్ళవంతెన దాటేటప్పుడు నా వెనక్కొచ్చి, ముడి గట్టిగా ఉందో లేదో చూస్తున్నానని చెప్పి, అవతలి గట్టు దాకా నా నడికట్టు వదల్లేదు. నీకు వంతెనంటే భయం. నాకంటే పిరికివాడు ఇంకొకడున్నాడని నేను లోలోపల ఎంత సంతోషించానో నీకు చెప్పలేదు."

టప్‌మని చిన్న చప్పుడైంది. ఏటివాడి నుదుటి మీద ఒక చీలిక పుట్టి, కోసు ముక్కు మీదుగా మీసం దాకా దిగింది. చెక్కముఖం రెండు ముక్కలై రాతిపలకల మీద పడింది. గోధుమ చాయ నీళ్ళు పోసి కడిగినట్టు ఒంటి మీద నుంచి జారిపోయింది.

అభయవర్మ మొదటిసారి ఆ ముఖం చూశాడు. ఒక కనుబొమ్మ రెండోదానికంటే కాస్త పైకి ఉంది, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు. ముందుపన్ను ఒకటి విరిగి ఉంది. గడ్డం మీద చిన్నప్పుడెప్పుడో కాలిన మచ్చ. అనుకున్నదానికంటే చాలా చిన్నవాడు. అన్నాళ్ళ నడకలో ఈ ముఖం తన ముందే ఉన్నా తను వీపు చూస్తూ గడిపాడు. యువరాజుకి ఏడుపు ఆగలేదు, పేరేమిటని ఏడుస్తూనే అడిగాడు.

"సోంబడు. సోమారం పుట్టినాను. నీ పేరేటి బాబూ?"

"అభయవర్మ."

"నీకా!" అన్నాడు సోంబడు. అంత భయంలోనూ ఆ విరిగిన పన్ను కనిపించేలా నవ్వాడు.

నవ్వు పూర్తి కాలేదు. గుహ వాకిలి అవతల ఎక్కడో ఢంకా మోగింది. రెండు వైపులా బారులు తీరిన ముఖాలన్నీ ఒక్కసారిగా వాకిలి వైపు తిరిగాయి. ధూమకర్ణుడు వస్తున్నాడనీ, ఈ పూట కొలువంతటినీ మళ్ళీ పల్లెల మీదికి తోలతాడనీ అవ్వ చీకట్లోంచి చెప్పింది. తన వెనక నీళ్ళు పారే కంత ఉంది, పాకితే ఇద్దరూ బయటపడవచ్చంది. యువరాజు వేలాడే చెయ్యి చూపించాడు. ఎవరికి తప్పు మాట చెప్పావో వాళ్ళకి సరైన మాట చెప్పిందాకా ఆ చెయ్యి అంతే, ఇంకోసారి తప్పితే గుండెకే, ప్రాణం కావాలంటే చెయ్యి వదులుకుని పో అంది.

సోంబడు అప్పటికే కంత దగ్గర వంగి చూసి వచ్చాడు.

"మనిసి పడతాది. రా బాబూ. ఆళ్ళెవులో మనకి తెల్దు."

అభయవర్మకు పోవాలనే ఉంది. కాళ్ళు అటే లాగుతున్నాయి. ఢంకా దగ్గరైంది. రాతిపలకలు అదురుతున్నాయి. అతను కంత వైపు చూశాడు, ఆ తరవాత రెండో బారులో తను తప్పు మాట చెప్పిన ఆ కొండముఖం వైపు చూశాడు. ఆ చెక్క వెనక ఉన్నది కొండ జనమో, ఏటి జనమో, ఆడో, మగో, కొడుకులున్నవాళ్ళో, లేనివాళ్ళో. అది ఎవరైనా, ఎవరో ఒకరు.

"తెలీదు కాబట్టే," అని గొణిగి అటు నడిచాడు. సోంబడు ఏదో తిట్టాడు. తిట్టి, అతని వెనకే వచ్చి వాకిలికీ అతనికీ మధ్య నిలబడ్డాడు.

అభయవర్మ ఆ చెక్కముఖం ఎదుట చతికిలబడ్డాడు. కన్నాల వెనక కళ్ళలోకి చూశాడు. ఇందాక నిన్ను చూడకుండా మాట్లాడాను, క్షమించు, నువ్వెవరో నాకు చెప్పు, నోరు రాకపోతే చేత్తో చెప్పు అని అడిగాడు. వాకిలి తలుపు గడియ కిర్రుమంది. అప్పుడు ఆ మనిషి కుడిచెయ్యి నెమ్మదిగా లేచింది. అరచెయ్యి మోకాటి ఎత్తున గాలిలో ఆగింది. రెండు వేళ్ళు చెవి దగ్గరకు వెళ్ళి దేన్నో తిప్పినట్టు తిప్పాయి. మళ్ళీ చెయ్యి కిందికి జారింది.

పిల్లాడు అనబోయాడు. నాలుక చివరి దాకా వచ్చిన మాటని పళ్ళతో ఆపాడు. పిల్లలు ఎంతమందికి లేరు? చెక్క గీతలు మెడ దగ్గర చురుక్కుమన్నాయి.

తలుపు తెరుచుకుంది. వడగాలికి కంచు దీపం వొంగింది. ఎవరో లోపలికి అడుగు పెట్టారు, ఆ అడుగుకి బారులన్నీ తలలు వంచాయి. వెనక సోంబడి ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. అభయవర్మ తల తిప్పలేదు.

"నాకు అర్థం కాలేదు," అన్నాడు ఆ కళ్ళతో. "తొందర లేదు. మళ్ళీ చూపించు."